గనికి అవతల చెల్లె ఊరు

గోదావరిఖనికి నేను వెళ్లడానికి కారణం ఒక వాదన. హైదరాబాదులో మేము మూడు విభాగాల పరిశోధక విద్యార్థులం కలిసి ఒక పని మొదలుపెట్టాం. నాది సివిల్ ఇంజినీరింగ్, ఫర్హానాది సమాజశాస్త్రం, మూడో మిత్రుడిది పర్యావరణం. బొగ్గు గనుల ప్రాంతంలో డీజిల్ బస్సుల బదులు కరెంటు బస్సులు తిప్పాలంటే ముందు ఏ దారుల్లో తిప్పాలి, వాటివల్ల ఎవరికి మేలు అన్నది మా ప్రశ్న. బస్టాండ్లలో లెక్కలు తీసి నేనొక పటం తయారు చేశాను. జనం ఎక్కువగా తిరిగే దారులకు లావు గీత, తక్కువ తిరిగేవాటికి సన్న గీత. రామగిరి వైపు, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని చుట్టూ తిరిగి వెళ్లే ఒక దారికి అసలు గీతే పడలేదు. అక్కడ ప్రయాణికులే లేరన్నాను. "ప్రయాణికులు లేరా? పోదామన్నా పోలేక ఇంట్ల కూసున్నరా?" అని అడిగింది ఫర్హానా. ఆమెది కరీంనగర్. కోపం వస్తే కాలేజీ భాష పక్కన పెట్టేస్తుంది.

రెండు రోజులు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ దారిలో తప్పనిసరిగా వెళ్లే మనిషి ఒకరితో కలిసి ఇంటి గడప నుంచి చివరి దాకా ప్రయాణం చేద్దాం అనుకున్నాం. వాళ్లు ఎక్కిన బండే మనమూ ఎక్కాలి, వాళ్లు నడిచినంత నడవాలి. మనం బండి మాట్లాడి వాళ్ల దారిని సులువు చేయకూడదు, అలా చేస్తే అది వాళ్ల ప్రయాణం కాకుండా పోతుంది. ఇది ఫర్హానా పెట్టిన నియమం. ఆమె ఇంతకుముందు పనిచేసిన పునరావాస కాలనీలో ఒక పెద్దామె ఉంది. గనికి ఇచ్చేసిన ఊరి నుంచి వచ్చిన కుటుంబం. ఆమె పేరు రాజవ్వ అని రాస్తున్నాను. ఇక్కడ మనుషుల పేర్లన్నీ మార్చాను, ఆ పల్లెల పేర్లు చెప్పడం లేదు.

ముందు రోజు సాయంత్రం నేనూ ఫర్హానా సికింద్రాబాదులో మంచిర్యాల వైపు వెళ్లే రైలెక్కి రామగుండంలో దిగాం. నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. స్టేషన్ బయట గోదావరిఖని వెళ్లే షేర్ ఆటోలు వరసగా ఉంటాయి, మనిషికి ముప్ఫై రూపాయలు తీసుకున్నారు. చౌరస్తా దగ్గర ఒక లాడ్జిలో పడుకుని, పొద్దున్నే లేచి కాలనీకి వెళ్లాం. అది వానాకాలం. రాత్రి కురిసిన వానకు రోడ్డు పక్కన బొగ్గుపొడి నల్లటి బురదగా మారింది. ఫస్టు షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. వీధుల్లో బడి పిల్లలు, కూరగాయల బండ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరు.

రాజవ్వ అప్పటికే తయారై గడప మీద కూర్చుంది. చేతిలో సంచీ, అందులో బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు సంతరా పండ్లు. చెల్లెలు మల్లవ్వకు నెలరోజులుగా ఒంట్లో బాగాలేదు. దవాఖానలో చూపించి ఇంటికి తెచ్చారట, అన్నం సయించడం లేదట. రాజవ్వ కొడుకు భూమి లోపలి బొగ్గు గనిలో పనిచేస్తాడు. సెలవు దొరికినప్పుడు బైకు మీద తీసుకెళ్లేవాడు గానీ, నడుం నొప్పి వచ్చినప్పటి నుంచి ఆమె బైకు ఎక్కలేకపోతోంది. చెల్లెల్ని చూసి మూడు నెలలు దాటింది.

"మీరు నా ఎంబడి అత్తే రాండ్రి గని, నడుమల నన్ను ఆపి అదేంది ఇదేంది అని అడుగుడు పెట్టుకోవద్దు" అంది ముందే. "నాకు నా చెల్లెను సూసుడే ఫికర్."

గోదావరిఖని బస్టాండులో మంథని వైపు వెళ్లే బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాం. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్సు వచ్చేసరికి ఎక్కడం ఒక యుద్ధం. రాజవ్వకు ఒకాయన లేచి సీటిచ్చాడు, మేమిద్దరం ఆమె పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. "ఇప్పుడు బస్సు ఫిరీ అయ్యింది. గని నా చెల్లె ఊరికి బస్సే లేదాయె" అంది నవ్వుతూ. ముందు బొగ్గు లారీలు బారులు తీరి ఉంటే బస్సు వాటి వెనకే నెమ్మదిగా పోతోంది. మేమేమీ అడగకుండానే ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ల నాయనకు ఇద్దరే ఆడపిల్లలు. పెద్దామెను ఇచ్చిన ఊరికి నడిచి వెళ్లేంత దూరంలోనే చిన్నామెకూ సంబంధం చూశాడు. రెండు ఊళ్ల మధ్య మక్కజొన్న చేన్లు, చేన్ల మధ్యలో ఒక వాగు. వారానికోసారి ఈమె ఇటు నుంచి, ఆమె అటు నుంచి బయల్దేరి వాగు దగ్గర కలిసేవాళ్లు. ముందు వచ్చినవాళ్లు బండ మీద కూర్చుని ఎదురుచూడాలి. ఇంట్లో వండింది ఒకరికొకరు ఇచ్చుకుని, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోవడం.

"అత్తగారింట్ల ఏమన్న అంటే, నాకేం బుగులైతుండె? జర దూరం నడిస్తె నా చెల్లె ఉన్నది కదా అనుకునేదాన్ని" అంది. తర్వాత గని వచ్చింది. ఈమె ఊరు లేచిపోయింది, చెల్లెలి ఊరు అవతలి గట్టున మిగిలింది. పరిహారం ఇచ్చారు, ఇళ్ల స్థలాలిచ్చారు, గని చుట్టూ తిరిగి వెళ్లేలా కొత్త రోడ్డు కూడా వేశారు. వాగు లేదు, చేన్లు లేవు. అరగంట నడక పోయి, రెండు బండ్లు మారే దారి వచ్చింది.

పన్నెండు దాటాక మంథని దారిలో ఒక చౌరస్తాలో దిగాం. ఇక్కడి నుంచి ఆటోలు నడుస్తాయి, మనిషికి నలభై. కానీ ఆటో నిండాలి. మధ్యాహ్నం పూట ఆ వైపు వెళ్లేవాళ్లు దొరకరు. ఖాళీ ఆటో ఒకటి ఉంది. దాని డ్రైవరు సదన్న పక్కనే చిన్న హోటల్లో అన్నం తింటున్నాడు. "ఇంకో నలుగురు రావాలె అవ్వా, జరసేపు కూసో" అన్నాడు. హోటలామె మాకు చాయ్ పోసింది. మబ్బు పడుతుంటే తలెత్తి చూసి, "ఇయ్యాల గట్టిగనే కొట్టేటట్టున్నది" అంది.

అప్పుడే రాజవ్వ ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుని "ఆ... ఆ..." అంది. ఫోను ఫర్హానా చేతికిచ్చింది. అటువైపు మల్లవ్వ కొడుకు తిరుపతి. పదింటి నుంచీ చేస్తుంటే ఇప్పటికి కలిసిందట. "అక్కా, మా అవ్వ పోయింది" అన్నాడు. "పది గొట్టంగ పోయింది. వాన అచ్చేటట్టున్నది, కట్టెలు తడుస్తయని పెద్దమనుషులు జల్ది చేస్తున్నరు. పెద్దమ్మను జల్ది తీస్కరాండ్రి. ఆమె రాకుండ ఎట్ల ఎత్తాలె?"

ఫర్హానా నా వైపు చూసింది. నియమం గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. నేను హోటల్లోకి వెళ్లి సదన్నతో, ఆటో మొత్తం మాట్లాడుకుంటాం, ఇప్పుడే వెళ్లాలి అని చెప్పి, సంగతి వివరించాను. ఆయన సగం తిన్న కంచం అలాగే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. రాజవ్వ కొడుక్కి కబురు చేద్దామని చూశాం. అతను గనిలో కింద ఉన్నాడు. డ్యూటీ అయి పైకి వస్తేగానీ అతనికి తెలియదు.

అంతసేపూ ఏడవకుండా నిలబడిన రాజవ్వ, ఆటో ఎక్కబోతూ ఆగిపోయింది. "పుట్టింటి చీర కావాలె" అంది. "నేను ఒట్టి చేతులతోని పోతే దానికి పుట్టింటోళ్లు లేనట్టే. నాయన లేడు, అవ్వ లేదు. పుట్టిల్లు అంటే ఇగ నేనే."

చౌరస్తాలోనే ఒక బట్టల కొట్టు ఉంది. కొట్టాయన వాళ్ల నాన్న ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడని తర్వాత సదన్న చెప్పాడు. "ఏ రంగు చూపించమంటారమ్మా? పెళ్లికా, పండక్కా?" అని అడిగాడు ఆయన మామూలుగా.

"పచ్చది సూపియ్యి. నా చెల్లె పోయింది. ముత్తైదువు."

ఆయన పరిచి ఉన్న మెరుపు చీరలన్నీ ఒక పక్కకు నెట్టి, పై అరలోంచి పచ్చ చీరలు దించాడు. రాజవ్వ ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య నలిపి చూసింది. "గిది గరుకున్నది. దాని పెయ్యి మెత్తన, గుచ్చుకుంటది" అంటూ, చెల్లెలి ఒంటికి పనికిరావని రెండు పక్కన పెట్టింది. ఆలస్యమవుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా తొందర పెట్టడానికి నోరు రాలేదు. నాలుగోది ఆమెకు నచ్చింది, మెత్తటి నూలు చీర, సన్నటి ఎర్రంచు. కొట్టాయన అడగకుండానే పసుపు, కుంకుమ పొట్లాలు కట్టి చీర మీద పెట్టాడు. బయటికొచ్చేటప్పుడు బ్రెడ్డు ప్యాకెట్టూ సంతరాలూ అక్కడే బల్ల మీద ఉండిపోయాయి. ఎవరమూ గుర్తు చేయలేదు.

రోడ్డు మొదట్లో బాగానే ఉంది. ఒకవైపు మట్టి గుట్టలు, గని తవ్వేటప్పుడు తీసిన మట్టిని పోయగా పోయగా కొండలైనవి. వాటి మీద తుమ్మ చెట్లు మొలిచాయి. ఇంకోవైపు ఇనుప కంచె. రెండు మలుపులు తిరిగాక ఒక మనిషి ఎర్ర జెండా అడ్డం పెట్టి మమ్మల్ని ఆపాడు. గని కాపలాదారు. అప్పటికే ఒక పాల బండి, రెండు బైకులు ఆగి ఉన్నాయి.

"బ్లాస్టింగున్నది అన్నా, ఆగాలె" అన్నాడు.

"అవ్వ చెల్లె సచ్చిపోయింది. అక్కడ ఎత్తబోతున్నరట. జర పోనియ్యి" అన్నాడు సదన్న.

కాపలాదారు ఆటోలోకి తొంగి చూశాడు. ఆమె ఒడిలో ఉన్న చీరను చూశాడు. అతని ముఖం మారిపోయింది. "మందు నింపిండ్రు, ఇగ నేను పొమ్మన్నా పోయేటట్టు లేదు. రాయి ఎగిరొస్తే మనిషి ఉండడు. అర్ధగంటల అయిపోతది" అన్నాడు. కాని అరగంటలో కాలేదు. అవతలి వైపు మేకల మంద ఒకటి కంచె సందులోంచి లోపలికి వెళ్లిందట. వాటిని మళ్లేసే దాకా పేల్చరు. అతను చేతిలో ఉన్న వైర్‌లెస్ సెట్లో అడుగుతూనే ఉన్నాడు. "ఇక్కడ సావు దినం మనిషి ఉన్నది, జర జల్ది చెయ్యిండ్రి" అని అతను చెప్పడం మాకు వినిపిస్తోంది. అటు నుంచి ఒకే మాట: ఇంకా మేకలు రాలేదు.

తిరుపతి మళ్లీ ఫోను చేశాడు. పాడె కట్టేశారు, స్నానం అయిపోయింది. మరోసారి చేశాడు. ఇంటి ముందు నుంచి లేపారు. ఆ మాట ఫర్హానా మెల్లగా చెప్పబోయేలోపే రాజవ్వకు అర్థమైంది. చీర గుండెకు పట్టుకుని ఆటో దిగింది. జెండా దాటుకుని రోడ్డు మీద నడవసాగింది, చెప్పులు కూడా లేకుండా. కాపలాదారు పరుగెత్తి ఆమె ముందుకు వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. పోకు."

"దాని మొఖం సూడాలె బిడ్డా. ఒక్కసారి సూస్త."

"సూద్దువు. నేనే తీస్కపోత. గిప్పుడు గాదు అవ్వా."

ఆమె అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది. అతను తన సీసాలోంచి నీళ్లిస్తే పక్కకు నెట్టేసింది. ఫర్హానా వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. వేచి ఉండే సమయానికి మా చదువులో ఒక విలువ కట్టే పద్ధతి ఉంది. ఆ పూట నాకు అది గుర్తే రాలేదు. పాల బండి అతను, బైకుల మీది వాళ్లు బండ్లు దిగి నిలబడ్డారు. అందరి ముందు ఒక మనిషి వేళ దాటిపోతుంటే చూస్తూ ఉండడం తప్ప చేయగలిగింది లేదు.

చివరికి సైరన్ మోగింది. కాళ్ల కింద నేల ఒక్కసారి కదిలి ఊరుకుంది. తర్వాత చప్పుడు, ఆ తర్వాత కంచె అవతల ఎర్రటి దుమ్ము ఎత్తుగా లేచింది. అది కాస్త పలచబడ్డాక కింద గని కనబడింది. మెట్లు మెట్లుగా దిగిన అంత లోతైన గుంత నేనెప్పుడూ చూడలేదు. అడుగున మట్టి మోసే డంపర్లు ఆటబొమ్మల్లా ఉన్నాయి. రాజవ్వ లేచి నిలబడి, ఆ ఖాళీలోకి చెయ్యి చూపింది. "గిండ్లకెళ్లే మా తొవ్వ ఉండె" అంది, వాగు దగ్గరికి నడిచిన దారిని గుర్తుచేస్తూ.

జెండా దించగానే సదన్న ఆటోను ఎంత వేగంగా నడపగలడో అంత వేగంగా నడిపాడు. ఊరి పొలిమేర ఇంకా రాకముందే డప్పులు వినిపించాయి. చినుకులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన మెట్ట చెలకలో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. అది దింపుడు కల్లం. శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు మధ్యలో ఒకచోట పాడె దించి, అయినవాళ్లు చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏమూలైనా మిగిలి ఉంటే పలుకుతారేమోనని ఒక ఆశ. పిలవడం అయిపోయినా తిరుపతి పాడెను లేపనివ్వలేదట. పెద్దమనుషులు మందలిస్తుంటే, పాడె ముందు కింద కూర్చుని, "నా పెద్దమ్మ రావాలె. వాన అస్తే నేనే తడుస్త" అని మొండికేశాడట. మేము వెళ్లేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. తల గొరిగించుకుని, చేతిలో నిప్పుకుండతో. చినుకులు కుండలో పడకుండా ఎవరో దాని మీద గొడుగు పట్టారు.

జనం తప్పుకుని దారి ఇచ్చారు. రాజవ్వ ఏడుస్తూ వస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. చీర మడత విప్పి చెల్లెలి మీద మెడ దాకా కప్పింది. అంచులు సరిచేసింది. నుదుట పసుపు రాసి బొట్టు పెట్టింది. తర్వాత మోకాళ్ల మీద వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది. డప్పులు కొట్టేవాళ్లు ఆపేశారు.

"మల్లీ."

చెల్లెలి ముఖం వైపు చూసింది.

"మల్లీ. అక్కను. అచ్చిన."

మూడోసారి పిలిచినప్పుడు గొంతు రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. అప్పుడు మల్లవ్వ భర్త వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయన, ఆయనే సరిగ్గా నిలబడలేకపోతున్నాడు. "అచ్చినవు వదినా. సాలు. ఇగ పోనియ్యి" అన్నాడు. అప్పుడు ఏడ్చింది రాజవ్వ. ఆ ఏడుపు గురించి రాయను. పక్కకు తిరిగితే సదన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కనిపించాడు. ఫర్హానా నా చెయ్యి పట్టుకుంది. పాడె లేచింది, డప్పులు మళ్లీ మొదలయ్యాయి, జనం వానలో ముందుకు కదిలారు.

రాజవ్వ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది. మేము అదే ఆటోలో వెనక్కి వచ్చాం. ఎర్ర జెండా పట్టుకున్న అతను డ్యూటీ దిగే వేళయినా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆటో ఆపి, "అందిందా?" అని అడిగాడు. మొఖం చూసింది అని చెప్పాడు సదన్న. అతను తల ఊపి సైకిలెక్కి వెళ్లిపోయాడు. చౌరస్తాలో ఆఖరి బస్సులో మాకు సీట్లు దొరికాయి.

ఈ ప్రయాణాన్ని మా పనిలో ఎలా రాయాలో చాలా రోజులు తేలలేదు. పనికి పోవడం, బడికి పోవడం, దవాఖానకు పోవడం మా చదువులో ముఖ్యమైన ప్రయాణాలు. అక్క చెల్లెల్ని చూడబోవడం 'ఇతరములు' కింద పడుతుంది. వీలుంటే వెళ్తారు, లేకుంటే మానేస్తారు అని అర్థం. ఒక మనిషి బతుక్కి ఏది ముఖ్యమో బండ్ల లెక్కలో తెలియదని ఫర్హానా మొదటి రోజే చెప్పింది. నాకు అది ఆ చెలకలో నిలబడ్డాక గానీ తలకెక్కలేదు. పర్యావరణం మిత్రుడు కూడా ఒప్పుకున్నాక ముగ్గురం కలిసి రాశాం: ఆ మళ్లింపు దారిలో రోజుకు రెండుసార్లయినా ఒక చిన్న కరెంటు బస్సు నడపాలి, ఎంతమంది ఎక్కుతారని చూడకుండా. నివేదిక ఇవ్వాల్సిన చోట ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. ఆ సంగతి చెబుదామని రాజవ్వకు ఫోను చేశాను. అంతా విని, "ఎయ్యమను బిడ్డా, మంచిదే. ఎవలో ఒకలకు అక్కరకు అస్తది" అంది. తర్వాత, "నేనైతే ఇగ ఎవల కోసం ఎక్కాలె?" అంది.

ఆ ప్రాంతానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కనుంచి వెళ్లే రోడ్లను మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ కోసం ఆపుతారు. వేళ ఒక్కో గనికి ఒక్కో రకంగా ఉంటుంది, ఎంతసేపన్నది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. చౌరస్తాలో ఆటోవాళ్లను అడిగితే ఆ రోజు సంగతి తెలుస్తుంది. ముఖ్యమైన పని ఉంటే పదకొండు లోపే ఆ దారి దాటండి.